జెనోవాలో పోయిన బూట్లు

యాంగోన్. అహ్లోన్ రేవు వెనక వీధిలో మూడో అంతస్తు గది. సరుకు ఓడలో వంటవాడుగా పనిచేసే లింగరాజు తొమ్మిది నెలల తరవాత ఇల్లు చేరి నాలుగు రోజులైంది. భార్య గంగాభవాని సంచిలో బట్టలు సర్దుకుంటోంది.

"మళ్ళీ అడుగుతున్నాను. నీ బూట్లు పోయిన సంగతి కింద అంతస్తు రాధకెలాగ తెలిసింది?"

"ఏ బూట్లు?"

"ఎన్ని జతలున్నాయేటి నీకు? ఎల్లినప్పుడు నల్లవి. ఒచ్చినప్పుడు గోధుమరంగువి. నానడిగితే పాతబడ్డాయి, పారేసినానన్నావు."

"పాతబడ్డాయి మరి."

"రాధ అలాగ సెప్పలేదు. పొద్దున్న నీళ్ళ కాడ, కింద అంతస్తోళ్ళందరి ముందూ సెప్పి నవ్వింది. మీ ఆయన ఇటలీలో, ఆ జెనోవాలో చర్చి మెట్ల కాడ బూట్లిప్పి లోనికెల్లాడంట, ష్వేడగోన్ పగోడాకెల్లినట్టు, బైటికొచ్చి సూసుకుంటే లేవంట అని. అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను, తెలిసినట్టు."

"పొయ్యి మీద టీ మరిగిపోతంది సూడు."

"మరగనీ. జెనోవా రేవులో క్రేను పాడైంది, శని ఆదివారాలు పనిలేదు, ఒంట్లో బాగులేక ఓడలోనే పడుకున్నాను అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"దిగినావా?"

"దిగినాను."

"ఊరంతా తిరిగినావు."

"ఊరంతా ఏటి. నడిసి ఎంత తిరుగుతాం, రెండు రోజుల్లో."

"ఏటి సూసినావు?"

"సందులు. ఇక్కడ మన లతా పేటలో సందుల్లాంటివే, కాకపోతే అన్నీ మెట్లు. ఎదురుగా మనిషొస్తే ఒకడు గోడకానుకోవాల. ఈ కిటికీకీ ఆ కిటికీకీ తాడు కట్టి బట్టలారేస్తారు. ఆ చర్చి ఒక వరస నల్లరాయి, ఒక వరస తెల్లరాయి."

"ఇదంతా రాధకి సూపించినావు. ఫోన్లో."

"ఎవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పక్కర్లేదు. ఆ రెండు రోజులూ ఎన్నిసార్లు చేసినా నీ ఫోను ఖాళీ లేదు. మన వీధికి కరెంటు లేదు. రాధ మెట్లెక్కొచ్చి, భవానీ, నీ చార్జింగు బ్యాటరీ ఒకసారియ్యి, ఫోను ఆగిపోతంది అంది. శనివారం ఇచ్చినాను. ఆదివారం మా పిన్నింటికెల్లి చార్జింగెట్టుకొచ్చి మరీ ఇచ్చినాను. నా బ్యాటరీతో నా మొగుడితో మాటాడింది."

"నీ బ్యాటరీయేనా అది?"

"నవ్వకు."

"నవ్వలేదే."

"నాకొక్క సందు సూపించినావా ఎప్పుడైనా? పెళ్ళై పదకొండేళ్ళు. సింగపూరన్నావు, దుబాయన్నావు. ఎలాగుంటాదీ అంటే, అన్ని రేవులూ ఒకలాగే ఉంటాయంటావు. ఆవిడికి మాత్రం రాయి రాయీ సూపించినావు."

"రాధక్క నాకు అక్కలాంటిది."

"లాంటిది."

"భవానీ."

"తన్లిన్ బస్సు రెండింటికుంది. మా అమ్మ కాడికెల్లిపోతాను. నిజం సెప్పు, సంచి దింపుతాను. లేకపోతే లేదు."

"ఆవిడ కోసం తిరగలేదు నాను."

"మరెవరి కోసం?"

"మూర్తి బావ కోసం."

"రాధ మొగుడి కోసమా? పక్షవాతమొచ్చి మూడేళ్ళైంది. మంచం దిగడు, మాట రాదు. ఆయన పేరు సెప్తే నానూరుకుంటాననా?"

"మాట రాదు. ఒక సెయ్యి ఆడుతాది కదా. ఎడమకి ఊపితే ఎడమ, కుడికి ఊపితే కుడి. ఫోన్లో సూసి ఆయన ఊపీవోడు, నాను నడిసీవోడిని. ముప్పయ్యయిదేళ్ళ కిందట ఆయన పనిచేసిన ఓడ ఆ ఊళ్ళో మరమ్మతుకని ఆరు నెలలాగిపోయింది. శనివారమంతా తప్పు సందులే. ఆదివారం ఆ చర్చి అవుపడ్డాక దారి పోల్చుకున్నాడు."

"బూట్లు?"

"బూట్లు ఆయన ఇప్పమనలేదు. దేవుడిల్లు కదాని నా సేతులే ఇప్పీసినాయి. పోయినాయి. ఆదివారం దుకాణాలు మూసేసున్నాయి. ఆ పూటంతా ఒట్టికాళ్ళతోనే నడిసినాను."

"ఇందులో దాసీదేటుంది? మంచిపనే సేసినావు. నాకు సెప్తే ఏటి పోయింది?"

"టీ పొంగిపోతంది."

"దింపేసినాను ఎప్పుడో. ఇంకా ఉంది కదా? నీ మొహం సూస్తే తెలుస్తంది."

"బావ ఊరు సూడ్డానికి నడిపించలేదు నన్ను."

"మరి?"

"ఒక తలుపు కోసం. అయిదో అంతస్తు. కొట్టినాను. ఒకావిడ తీసింది, అరవై దాటుంటాయి. నానేదో అమ్ముకునీవోడిననుకుంది. తలుపేసేస్తా నా కాళ్ళకేసి సూసింది. ఆగిపోయింది."

"ఎందుకూ?"

"బావ కూడా ఎనకటికి ఆ చర్చి కాడే బూట్లిప్పి పోగొట్టుకున్నాడంట. ఒట్టికాళ్ళతో నిలబడుంటే ఈవిడే పలకరించిందంట. ఒచ్చీరాని ఇంగ్లీషులో సెప్పింది తరవాత. ముందైతే నానేటీ అడక్కుండానే, మూర్తీ, అంది."

"ఆరు నెలలూ అక్కడే ఉన్నాడా? ఆవిడింట్లో?"

"నన్నెందుకడుగుతావు?"

"ఓలమ్మో. అందుకా సెప్పలేదు."

"ఎవులికీ సెప్పనని మాటిచ్చినాను."

"మూర్తి బావకా?"

"ఆయనకి మాటెక్కడుంది."

"రాధక్కకి తెలీకూడదు. నా సంగతొదిలీ, నాను పిచ్చిదాన్ని. ఆవిడికి తెలిస్తే ఏటైపోతాది? మూడేళ్ళుగా ఎత్తి కూకోబెడతంది, ముద్ద పెడతంది. ఇప్పుడీ వయసులో ఇది ఇనాలా? ఇందాక నీళ్ళ కాడ నవ్వతా సెప్పింది, ఏటీ తెలీక. సెప్పు, ఆ జెనోవా ఆవిడ తలుపు తీసినప్పుడు ఇక్కడ రాధక్కెక్కడుంది? ఒంటింట్లోనే కదా?"

"మంచం మీదే ఉంది, బావ పక్కన. తమ్ముడూ, ఫోను ఇంకొంచెం దగ్గిరికెట్టు, ఆయనకి ఆవిడ మొహం అవుపడతల్లేదు అంది."