మునిగిన ఊరి పాట

వెరాక్రూజ్ కొండల్లో పశువుల డాక్టరు వరండా. ఒకావిడ ఒళ్ళో పిట్ట పంజరంతో కూర్చుంది.

"మూడు రోజులుగా మెడ వాల్చేసి ఒకే పక్కకి తిరుగుతోంది, డాక్టరు బాబూ."

"పంజరంలో ఏం పరుస్తున్నావు, పెద్దమ్మా?"

"అటక మీది మొక్కజొన్న తొక్కలు. మా అత్తగారూ అవే పరిచేది."

"అటక మీదికి ఆ చారల తోక జంతువు, రకూన్, వస్తుందా?"

"రోజూ వస్తుంది. దానికీ ఆకలేగా."

"దాని పెంటలోని పురుగు గుడ్లు ఆ తొక్కలకి అంటాయి. అవి పిట్ట కడుపులోకి పోయి, పురుగులు మెదడుకెక్కాయి. ఇక మందు లేదు."

"వారం బతికించు, చాలు."

"వారంలో ఏమవుతుంది?"

"ఒక్కో లోయ పిట్టలది ఒక్కో పాట బాబూ. ఆనకట్ట నీళ్ళలో మునిగిన మా లోయ పాట దీనికొక్కదానికే వచ్చు. ఇంట్లో ఒక పిల్లపిట్ట పంజరం దీని పక్కనే వేలాడదీశాను. అది సగమే నేర్చుకుంది."

"దాని కిందా ఆ తొక్కలేనా?"

"లేదు, పాత చీటీగుడ్డ."

"అయితే అది బతుకుతుంది. మిగతా సగం నువ్వే ఈల వేసి నేర్పు."

"ఆడది ఈల వేస్తే ఇల్లు మునుగుతుందనేది మా అత్తగారు. ఎలాగూ మునిగిందిగా, వేస్తాను."

ఆవిడ పెదవులు చుట్టి ఈల వేసింది. సగంలో ఆగిపోయింది.

"ఏం పెద్దమ్మా?"

"ఇక్కడి నుంచి ఎప్పుడూ ఈ పిట్టే పాడేది బాబూ. నేను వింటూ కూర్చునేదాన్ని."