తాగుబోతు మూడు

పాత నాణేల కొట్టు. మధ్యాహ్నం. బల్లకి ఒకవైపు కొట్టు యజమాని, మరోవైపు చేతిసంచీతో ఒక పెద్దావిడ.

“అమ్మడానికి రాలేదంటారు, కొనడానికీ రాలేదంటారు. మరి నాణేల కొట్టుకి ఎందుకొచ్చినట్టమ్మా?”

“చూడ్డానికి.”

“ఏం చూడ్డానికి?”

“పోయిన ఆదివారం పేపర్లో రాశావు చూడు, మూడంకె వంకరగా పడ్డ వెండి నాణెం. అది.”

“తాగుబోతు మూడా! అలా చెప్పండి మరి. కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దానికి కాలు విరిగింది. ఇందులో. నేను రాసింది చదివి వచ్చినవాళ్ళు మీరొక్కరే. మా ఆవిడ కూడా చదవదు.”

“నేను నాలుగుసార్లు చదివాను.”

“నాలుగుసార్లే! ఉండండి, తీస్తాను. ఇదిగో. అంచులు పట్టుకోవాలమ్మా, మధ్యలో వేలు పెడితే...”

“తెలుసు.”

“తెలుసా? సరే, భూతద్దం. అది కంటికి ఆనించి, నాణేన్ని...”

“తెలుసు బాబూ.”

“అన్నీ తెలుసే మీకు! సంవత్సరం చివర మూడు ఉంది కదా. దాని కింద నీడలాగా ఇంకో మూడు. తూలిపోతున్నట్టు లేదూ?”

“ఉంది.”

“నాణెం కొట్టేటప్పుడు కదిలి రెండుగా పడిందనుకుంటారు చాలామంది. అలా కదిలితే పక్కన అంకెలూ అక్షరాలూ కూడా రెండుగా కనపడాలి. ఇక్కడ ఒక్క మూడే. అంటే తప్పు అచ్చులోనే ఉంది. అచ్చు మీద ఏడాది అంకెలు చేత్తో కొట్టేవారు అప్పట్లో. మనవాడు ముందు వంకరగా కొట్టేసి, నాలిక్కరుచుకుని, దాని మీదే సరిగ్గా ఇంకోటి కొట్టాడు. ఇక ఆ అచ్చుతో పడ్డ ప్రతి నాణేనికీ ఇదే మచ్చ. మామూలు నాణేనికి ఇరవై రెట్లు పలుకుతుంది. అమ్మా? కళ్ళు మంటా? అద్దంలో ఎక్కువసేపు చూస్తే నీళ్ళొస్తాయి, నాకూ అంతే.”

“ఆయన తాగేవారు కాదు.”

“ఎవరు?”

“నువ్వు తాగుబోతని రాసినాయన.”

“మీకు ఆయన...”

“మా ఆయన.”

“అయ్యో. అయ్యయ్యో. అమ్మా, ఆ పేరు నేను పెట్టింది కాదు. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, అందరూ అదే అంటారు. నేను వచ్చేసరికే అలా ఉంది.”

“పేపర్లో నీ పేరు మీదే పడింది.”

“పడింది. నిజమే. ఆయన...”

“పోయి పదకొండేళ్ళు.”

“పిల్లలు?”

“లేరు. టంకశాలవాళ్ళు పంపించేశాక ఆయన తాళాలు బాగుచేసేవారు. మా ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు, మేమూ ఎక్కడికీ వెళ్ళేవాళ్ళం కాదు. ఇప్పుడు పక్కింటావిడ వస్తుంది, కూరగాయల ధరలు చెబుతుంది, కాళ్ళనొప్పులు తగ్గాయా అంటుంది. మంచిదే. కానీ ఆయన మాట ఎత్తేవాళ్ళు లేరు బాబూ. పదకొండేళ్ళలో ఒక్కళ్ళూ ఎత్తలేదు. పేపర్లో టంకశాల, మూడంకె అని కనపడగానే ఎంత సంతోషమేసిందో! ఇన్నాళ్ళకి ఆయన్ని ఎవరో తలుచుకున్నారనుకున్నాను. తర్వాత మిగతాది చదివాను.”

“క్షమించండమ్మా.”

“పుస్తకం కూడా వేస్తున్నావట.”

“రేపు ప్రెస్‌కి వెళ్తోంది. పదహారేళ్ళ చాకిరీ. ఏ అచ్చులో ఏ అక్షరం విరిగింది, ఏ అచ్చు ఎప్పుడు బీటవారింది, అన్నీ అందులో ఉన్నాయి.”

“ఆ మాట తీసెయ్యి. దానికే వచ్చాను.”

“తీసెయ్యొచ్చు. అంటే, తీసెయ్యొచ్చు గానీ... టంకశాల కాగితాల్లోనే ఉందమ్మా, నేను కళ్ళారా చూశాను. తాగి అంకె కొట్టానని ఒప్పుకుంటూ కింద సంతకం కూడా ఉంది.”

“సంతకం ఆయనదే.”

“మరి? తాగనివాడు తాగానని ఎందుకు సంతకం పెడతాడు?”

“ఆ రోజు ఆయనకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. చేతులు ఒకటే వణుకు. తెల్లారేసరికి అచ్చు అప్పజెప్పాలి.”

“జ్వరమని చెప్పొచ్చుగా?”

“చెప్పొచ్చు.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఇంతకన్నా పెద్ద భూతద్దం లేదా నీ దగ్గర?”

“మాట దాటేస్తున్నారు మీరు.”

“ఉందా, లేదా?”

“ఉంది.”

“అయితే నువ్వే చూడు. ఆ మూడు మీద ఎన్ని దెబ్బలు?”

“రెండని చెప్పానుగా.”

“రెండూ ఒక చేతివేనా?”

“అంటే?”

“పదహారేళ్ళు చూశానన్నావు. చూడు.”

“చూస్తే పోయేదేముంది... పై మూడు, ఎడమ అంచున లోతు. ఆ ఏడాది అచ్చులన్నిట్లోనూ ఇంతే. సుత్తి కుడిచేత్తో పట్టేవాళ్ళకి అలాగే పడుతుంది. ఇక కింద మూడు... ఆగండి. లైటు ఇటు తిప్పనివ్వండి. కింద మూడుకి కుడి అంచున లోతు. కుడి అంచునే! ఛ, ఇన్నేళ్ళూ వంకర చూసి మురిసిపోయాను గానీ లోతు చూళ్ళేదు. మీ ఆయన ఎడమచేత్తో...”

“కుడిచెయ్యే. అన్నం, రాత, సుత్తి, అన్నీ.”

“అయితే మొదటి దెబ్బ ఆయనది కాదు! ఎడమచేతివాళ్ళు ఎవరో కొట్టి పాడుచేస్తే, దాని మీద మీ ఆయన సరిచేశారు. టంకశాలలో ఇంకెవడో ఉన్నాడన్నమాట.”

“జ్వరం కాస్త దిగాక ఆయన సరిచేశారు. పాడైంది టంకశాలలో కాదు. బయట.”

“బయటా? అచ్చు బయటికెలా వస్తుందమ్మా, గేటు దగ్గర ఒళ్ళంతా తడిమేవాళ్ళు!”

“క్యారియర్లో. పైన అన్నం గిన్నె, కింద అచ్చు.”

“ఓరి దేవుడా! దొరికితే జైలే.”

“ఆయనకీ, ముట్టుకున్నవాళ్ళకీ. జ్వరమంటే మరి కొట్టిందెవరని తవ్వుతారు, తాగానంటే ఉద్యోగం ఒక్కటే పోతుందని లెక్క వేసుకున్నారు.”

“ఎవరి దగ్గరికి తీసుకెళ్ళారు?”

“నమ్మకమున్నవాళ్ళ దగ్గరికి.”

“నమ్మి మునిగారన్నమాట.”

“అవును.”

“ఆ పెద్దమనిషి తర్వాతైనా మీ ఆయన్ని ఆదుకున్నాడా?”

“చేతనైనంత.”

“మీ ఆయన నాలుగు తిట్టైనా ఉండాల్సింది.”

“ఒక్కనాడు ఒక్క మాట అనలేదు. వీధిలో పిల్లలు తూలుతూ నడిచి ఆయన్ని వెక్కిరించేవాళ్ళు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి, అన్నం పెట్టు అనేవారు. అంతే. తిడితే బాగుండేది బాబూ. తిట్టి ఉంటే నాకు ఈపాటికి నిద్ర పట్టేది.”

“మీకెందుకమ్మా నిద్ర పట్టకపోవడం? తప్పు చేసినవాడికి ఉండాలి గానీ! చూడండి, నేను మారుస్తాను. తప్పకుండా మారుస్తాను. కానీ సంతకంతో సహా కాగితం ఉండగా, భార్య చెప్పిందట, ఇతను మార్చాడట అని మావాళ్ళు నవ్వుతారు. ఈ లోతుల సంగతి ఒక్కటే చాలదు. ఆ రెండో మనిషి ఉన్నాడా, పోయాడా?”

“ఉన్నట్టే.”

“సొంత చేత్తో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు, ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు పుస్తకంలో వేస్తాను. రాస్తాడంటారా?”

“ఇన్నాళ్ళూ భయం. ఇప్పుడు భయపడి ఎవర్ని కాపాడుకోవాలి?”

“అయితే రేపు పొద్దున్న పదింటిలోగా...”

“రేపటిదాకా ఎందుకు? కాగితం ఇవ్వు.”

“మీరు రాస్తే చెల్లదమ్మా. ఆ మనిషే రాయాలి.”

“ఆ పెన్ను ఇటువైపు పెట్టు బాబూ. నాది ఎడమచేతి వాటం.”