కాలు తియ్యకు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది చెవిన వేసుకోండి. అరవై ఎనిమిదిలో సీతంపేట కొండదారిలో జీపుకు బ్రేకులు పోయాయి. వెనక సీట్లో అసిరి అనే పిల్ల పురిటినొప్పులు పడుతోంది. డ్రైవరు పానాతో చక్రం కింద దూరాడు. అసిరి తల్లి అతని సీట్లో కూర్చుంది.

"ఆయిలు కారీసిన బ్రేకు గొట్టం బిగించీసినాను, అత్తా. లోపలి గాలి తీసీయాల. పెడలు తొక్కి పట్టు."

"తొక్కినాను బావూ."

"మళ్లా గాలే వస్తన్నాది! నాను గాలి తీసే నట్టు బిగించకముందే కాలెత్తీసినావేటి?"

"బొట్టెట్టిన బండి కదా. కాలు తగిలితే దండమెట్టుకోనా?"

"ఓలమ్మో! నువ్వు కాలెత్తినప్పుడల్లా అది గాలి పీల్సీస్తన్నాది. సీసాలో ఆయిలు గుక్కెడే ఉన్నాది."

"పిల్ల సచ్చిపోయేలాగున్నాది. మెల్లగా పోదుం, బావూ."

"ఈ దిగుడులోనా? అందరం లోయలోకే పోతాం. తొక్కు. నాను సెప్పేదాకా తియ్యకు."

"పాపం కదరా?"

"ఆ పాపం నాకు తగల్నీ."

ఆమె కళ్లు మూసుకుని రెండు కాళ్లతో తొక్కిపట్టింది. అతను చెప్పాకే వదిలింది. అలా నాలుగుసార్లు.

"ఇప్పుడెలాగున్నాది, అత్తా?"

"రాయిలాగున్నాది. దిగడం నేదు."

"అయితే ఎనక్కెళ్లి పిల్లని పట్టుకో. పోదుం."

పొద్దుండగానే పాలకొండ ఆసుపత్రి చేరారు. అసిరీ, బిడ్డా ఇద్దరూ దక్కారు. అసిరి తల్లి ఎలా తొక్కిపట్టిందో గుర్తుంచుకోండమ్మా. నేను లేనప్పుడు మీ పిల్లలకు మీరే చెప్పండి.