గోదావరి మూరెడు దిగిన సంగతి

"ముందు మిషన్ అంటే ఏందో తెలుసుకోవాలె. అది తెల్వకుండ నిధి సంగతి చెప్తే, ఎక్కాలు రానోళ్లకు భాగహారం చెప్పినట్టుంటది" అంది వనజ టీచరు.

ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్కనే ఆమె ఇల్లు. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా విద్యార్థులు ఇద్దరే. ఒకరు జంపక్క. ఆ చింతపండు అడవి పల్లె నుంచి తెచ్చినామె, తిరుగు బస్సు కోసం చూస్తోంది. రెండోవాడు తండా కోటేషు. ఇప్పుడు ఆటో తోలుతున్నాడు గానీ, చిన్నప్పుడు ఈ టీచరు దగ్గరే ఎక్కాలు తప్పి గోడకుర్చీ వేసినవాడు.

గడప లోపల రెండు సంచులు సర్దిపెట్టి ఉన్నాయి, పొద్దున భద్రాచలం ఫస్ట్ బస్సు కోసం. వాటి పక్కన పీట మీద పళ్లెం బోర్లించిన అన్నం. మధ్యాహ్నానికల్లా వచ్చి తింటానని గుట్టకు వెళ్లిన మనిషి అన్నం అది. పొద్దు వాలుతున్నా ఆ మనిషి ఇంకా రాలేదు.

"సారు సెల్లు కలుస్తలేదా మేడం?" అన్నాడు కోటేషు.

"గుట్ట మీద సిగ్నల్ ఉండదు. పాఠం మధ్యల అడ్డం రాకు. చూడు జంపక్కా, పొడుగు కర్ర, కర్ర కొసకు పళ్లెమంత చక్రం, చెవులకు నల్ల డిప్పలు. చక్రాన్ని నేల మీద ఆడిస్తుంటే, కింద ఇనుమున్నా ఇత్తడున్నా చెవుల కుయ్యిమంటది. హైదరాబాదుల సెకండ్ హ్యాండ్ దొరికితే కొన్నడు మా ఆయన. ఎందుకు కొన్నడు? అది చెప్పాలె. ముప్పై ఏండ్లు ఖమ్మం భద్రాచలం రూట్ల బస్సు తోలిండు. జనాన్ని దించుడే గాని తను దిగింది లేదు. రిటైరైనంక ప్రతి ఊర్ల దిగుత, దిగిన కాడల్లా నేల వెతుకుత, ఎనక నువ్వు సంచి పట్టుకొని రావాలె అన్నడు. సరే అన్న. మొదటి రోజు పెరట్ల మా అత్త పోగొట్టుకున్న అట్లకాడ దొరికింది. ఇది నిజం. వంటింట్ల ఉంది, కావాలంటే పోయి చూడు."

"అంటే మిగతాయి నిజం కావా?"

"ఒరేయ్ కోటేషూ, ఈ వయసుల గోడకుర్చీ ఎయ్యాల్నా? విను. రెండో రోజు మీ తండాకే వచ్చినం. మీ అమ్మ ద్వాలి నీళ్ల బిందెతో ఎదురొచ్చింది. చేతులకు గాజులు, కాళ్లకు కడియాలు, లంగా నిండ బిళ్లలు. మిషన్ ఒక్కటే మోత! అది విని తండా ఆడోళ్లందరు వరసగ వచ్చి నిలబడితే ఒక్కొక్కరికి ఒక్కో రాగం తీసింది. ఆ పక్కన పెండ్లి ఇంటోళ్లు అది విని, బ్యాండు మేళం కిరాయి మానుకొని మిషన్‌నే ఊరేగింపుకు పిలిచిండ్రు."

"మా తండాల పెండ్లి, నాకు తెల్వకుండ ఎప్పుడైంది మేడం?"

"నువ్వు ఖమ్మం మిర్చి యార్డుకు కిరాయి పోయినవ్ ఆ రోజు. అది గాదు అసలు సంగతి. మీ తండా రెడ్యా ఎద్దు తప్పిపోయింది గదా, దాని మెడల ఇత్తడి గంట ఉంటది గదా. మా ఆయన తండా నడుమ నిలబడి చక్రం ఇట్ల తిప్పిండు. ఎక్కడో అడవి అవతల ఉన్న గంట చెవుల పడ్డది. ఆ చప్పుడు పట్టుకొని పోయి గంట గుంజితే ఎద్దొచ్చింది, ఎద్దెనక దాని దూడ వచ్చింది."

"ఎద్దుకు దూడేంది పంతులమ్మా?" అంది జంపక్క.

"అదే గదా వింత!"

రోడ్డు మీద మోటారు చప్పుడైంది. వనజ టీచరు నోరు ఆగిపోయింది, మెడ సాగింది. కట్టెల ట్రాక్టరు. దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆమె మళ్లీ గింజ తీసింది. గింజను చింతపండు గిన్నెలో వేసి, పండును గింజల చాటలోకి విసిరింది. కోటేషు చూశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎండకాలం భద్రాచలం పోయినం. రేపటిది రెండో విడత అనుకో. వంతెన మీద బస్సు పోతుంటే జనం దండం పెట్టి పైసలు ఏస్తరు గదా, ఏండ్ల సంది ఏసినయి అన్నీ ఇసుకలనే ఉంటయి. మా ఆయన చక్రం ఆనిచ్చిండో లేదో, వాలుగ చేప గాలాన్ని గుంజినట్టు మిషన్ ఆయనను ఈడ్చుకపోయింది. ఆయన నడుం పట్టుకొని నేను, నా కొంగు పట్టుకొని పడవోళ్లు. తీసినం, తీసినం, చెయ్యి నొయ్యంగ తీసినం. కింది నుంచి అంత బరువు తీసేస్తే నీళ్లేమైతయి? చెంబుల రాళ్లు తీసేస్తే నీళ్లు దిగవా? గట్లనే. గోదావరి మూరెడు దిగింది! అప్పటికి వరదొచ్చి మూడో ప్రమాద హెచ్చరిక పెట్టి ఉన్నరు, మేం పైసలు తీసినంక రెండో హెచ్చరికకు తగ్గించిండ్రు."

"ఆగుండ్రి మేడం. ఎండకాలం ఇసుకల ఎతికిండ్రు అంటిరి. వరదెక్కడిది?"

"ప్రశ్న మంచిదే. జవాబు చివర్ల చెప్త. కూర్చో."

జంపక్క నవ్వలేదు. రోడ్డుకు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "పంతులమ్మా, నవ్వులాట కాదు. మొన్న అడవిల ఏదో పేలిందన్నరు. గసొంటి మిషన్ భుజానేసుకొని గుట్టల పొంటి తిరిగితే అటు అన్నలూ అనుమానపడతరు, ఇటు పోలీసోళ్లూ అనుమానపడతరు."

"అనుమానమా?" వనజ టీచరు గట్టిగా నవ్వింది, అవసరానికన్నా గట్టిగా. "ఇద్దరూ ఎదురుబడ్డరు గదా, ఒక్క మలుపులనే! అటు వాళ్లు, ఇటు వాళ్లు, నడుమ మా ఆయన. తుపాకులంటే ఇనుమే గదా, మిషన్ ఊకుంటదా? మిల్లు సైరన్ లెక్క మొత్తుకుంది. చెట్ల మీది కోతులు దిగి రోడ్డెక్కినయి. ఆ మోతకు అటోళ్లు అటే పోయిండ్రు, ఇటోళ్లు ఇటే పోయిండ్రు. పోతపోత ఇద్దరూ సలాం కొట్టి ఏమన్నరో తెలుసా? 'డ్రైవర్ సారూ, పైలంగ ఇంటికి పో. పొద్దు పోకముందే పో. టీచరమ్మ ఎదురుచూస్తది' అన్నరు."

ఆ చివరి మాట కోతలా లేదు. అది ఆమెకూ తెలిసింది.

"మేడం, గింజలన్నీ చింతపండుల ఏస్తున్నరు" అన్నాడు కోటేషు మెల్లగా. "ఆటో తియ్యమంటరా? గుట్ట దాక పోయొస్త."

"ఎందుకు? ఆయనేమన్న చిన్నపిల్లగాడా? కథ ఐపోనియ్."

ఆటో స్టార్టు చేస్తే మనిషి తప్పిపోయినట్టు ఒప్పుకున్నట్టే. మాట సాగినంతసేపు ఆయన కథలోనైనా నడుస్తూనే ఉంటాడు. అందుకని ఆమె గొంతు ఇంకా పెంచింది.

"ఇప్పుడు అసలు నిధి. మొన్న గుట్ట దారిల పోతుంటే మిషన్ కుయ్యిమంది. తవ్వితే ఒక నాణెం. నాలుగడుగులేస్తే ఇంకొకటి. మళ్ల నాలుగడుగులకు ఇంకొకటి. సూటిగ, గీత గీసినట్టు! దీని అర్థమేంది? ఎవరో పెద్ద రాజు శత్రువులకు దొరక్కుండ అడవిలకు పారిపోతూ, తిరిగొచ్చేటప్పుడు దారి తెల్వాలని నాణేలు జార్చుకుంట పోయిండు. చివరికి మోదుగు చెట్టు కింద ఒక దిబ్బ. అక్కడ మిషన్ ఏడ్చిన ఏడుపు ఇంతంత కాదు. రాజు ఖజానా అక్కడనే దించిండన్న మాట! ఏనుగులు, అంబారీలు, బంగారు పల్లకి, పల్లకిల రాణి..."

"రాణి బతికే ఉందా మేడం?"

"బతికే ఉంది! తలుపు తీస్తే, ఇంత ఆలస్యమెందుకైందని అడిగింది!"

జంపక్క మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగింది. "పంతులమ్మా, ఆ నాణేలు ఎంతెంత ఉన్నయి?"

"మట్టి పట్టి ఉన్నయి. ఒకటి... పావలా అంత. ఒకటి రూపాయంత."

"రాజు పావలాలు చల్లిండా?" కోటేషు అన్నాడు.

"నువ్వాగు పిలగా" అంది జంపక్క. "పంతులమ్మా, అది రాజు దారి కాదు. మీ ఊరి కాటి దారి. మోదుగు చెట్టు కింది దిబ్బ దింపుడు కల్లం. పాడె అక్కడ దించి, చచ్చినోని చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తరు, లేస్తడేమోనని. ఆ పైసలు శవం మీద చల్లినయి. నిరుడు వానల ముందు బొజ్జయ్యను తీసుకపోతుంటే నేను గుట్ట దిగుతున్న, పక్కకు జరిగి నిలబడ్డ. పాడె ముందు నడుసుకుంట పేలాలు, పైసలు చల్లింది మీ సారే."

బొజ్జయ్య అంటే డ్రైవరు సారు బస్సులో కండక్టరు. రిటైరైన నెలకే పోయాడు.

వనజ టీచరు లోపలికి వెళ్లింది. నాణేలు మూటగట్టిన తువ్వాల దండెం మీద లేదు. బయటికి వచ్చేసరికి ఆమె ముఖం చూసి కోటేషు తాళంచెవి తీశాడు. చచ్చినోళ్ల పైసలు ఇంటికి తెచ్చుకుంటే, తెచ్చినోళ్లను వాళ్లు వెంట పిలుచుకుంటారని ముగ్గురికీ తెలుసు. చదువు చెప్పినంత మాత్రాన టీచరుకు తెలియకుండా పోదు.

అప్పుడే రోడ్డు మలుపులో ఒక ఆకారం కనిపించింది. భుజాన కర్ర, తలకు రెండు నల్ల డిప్పలు, మోకాలు పట్టుకుని కుంటుతూ నడక. కానీ ఇంటివైపు తల ఎత్తడం లేదు.

"ఏమండీ!" అంది ఆమె. ఆకారం పలకలేదు. మసక వెలుతురులో అది మనిషో కాదో కూడా తెలియడం లేదు. "పగిడయ్యా!"

పెళ్లయినప్పటి నుంచి ఆమె నోట భర్త పేరు ఎవరూ వినలేదు. జంపక్క అరుగు స్తంభం పట్టుకుంది.

"పగిడయ్యా!"

పలుకు లేదు. పిలుపులు లెక్కపెడుతూ జంపక్క పెదాలు కదిలాయి గానీ అంకె బయటికి రాలేదు.

"పగిడయ్యా!"

మనిషి ఆగాడు. చెవుల మీది డిప్పలు కిందికి లాగాడు. "ఏంది? ఎవరు పోయిండ్రు? నన్ను పేరు పెట్టి పిలుస్తున్నవేంది?"

వనజ టీచరు అరుగు మీద కూలబడింది. "అవి చెవులకు పెట్టుకొని రోడ్డు మీద నడుస్తరా? బండొస్తే ఎట్ల? అన్నం పొద్దుననంగ పెట్టిన."

ఆయన మిషన్ గోడకు ఆనించి ఆమె పక్కనే కూర్చున్నాడు. చేతులకు మట్టి. "మొన్న అది కుయ్యిమంటుంటే సంబరంల తెల్వలే. రాత్రి పండుకుంటే తట్టింది. నేను చల్లిన పైసలు నేనే ఏరుకొచ్చినగదా అని. ఆయనయి ఆయనకు ఇచ్చొచ్చిన, ఏ గుంతది ఆ గుంతల. మోకాలు ఊరుకోదాయె, ఆలస్యమైంది. జరసేపు కూసున్న కూడ. ఊర్లన్నీ తిరుగుదామని మొదలు అన్నది బొజ్జయ్యనే గదా."

దూరంగా జంపక్క బస్సు లైట్లు కనిపించాయి. ఆమె చింతపండు గంప ఎత్తుకుంటూ, పోయే ముందు ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది, మనిషే అని.

కోటేషుకు ఊపిరి అందింది. ఊపిరితో పాటు పాత బుద్ధీ వచ్చింది. "సార్, ఒక్క డౌటు. గోదావరి మూరెడు దిగిందంట గదా, మీరు పైసలు తీస్తే?"

"గోదావరా?" పగిడయ్య వాడి వైపు, భార్య వైపు చూశాడు. "బస్సు తోలిన గాని ఏటి ఒడ్డు ఏనాడు తొక్కలే. పెరడు, ఆ గుట్ట తప్ప మేం ఇంక యాడికి పోయినం? రేపు గదా మొదటిసారి పోయేది."

వనజ టీచరు తల ఎత్తలేదు. గిన్నెలోంచి ఒక గింజ ఏరి చాటలో వేసింది.

"ఆఁ" అంది. "రేపు దిగుతది."