అద్దంలో బిగించిన స్టీరియో తీగలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా యజమాని అంకమ్మరావు గారికి, పక్కనే కూర్చున్న వారి అల్లుడు బాలు గారికి, మిర్చియార్డులో పని మానుకుని వచ్చిన సుబ్బరావమ్మ గారికి, డ్రైవర్ సోదరులకు, మా వర్క్‌షాపు వాళ్లందరికీ షఫీక్ నమస్కారాలు. మైకు కాస్త దగ్గరకు జరపండయ్యా. ఇవాళ నేను మెత్తగా మాట్లాడలేను.

రిటైరవుతున్నానని శాలువా కప్పారు, సంతోషం. పెద్దవాళ్లు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, అవీ నెత్తిన పెట్టుకుంటాను. కానీ ఈ జ్ఞాపిక చూడగానే ఒళ్లు మండిపోయింది. వెనక వరసల వాళ్లకు కనపడదు కాబట్టి చెబుతున్నాను: కారుతోపాటు కంపెనీవాళ్లు బిగించి ఇచ్చే స్టీరియోను బయటికి తీసే ఉక్కు తీగలివి. స్టీరియోకి అటూ ఇటూ సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలో వీటిని దూర్చి, టిక్కుమన్నాక రెండు చేతులతో సమంగా లాగితే ఎక్కడా గీత పడకుండా పెట్టె బయటికొచ్చేస్తుంది. బాలు గారు వీటికి బంగారు పూత పూయించి, వెల్వెట్ గుడ్డ మీద జిగురుతో అతికించి, అద్దం బిగించి నా చేతికిచ్చారు. (నవ్వులు) నవ్వకండి. రోజూ వాడే పనిముట్లండీ ఇవి!

సుబ్బరావమ్మ గారి కారు సంగతి మీకు తెలుసుగా, స్టీరియో లాగితే వెనక నుంచి మిరప ఘాటు లేచి వర్క్‌షాపంతా తుమ్ములే. "ఏమయ్యా షఫీకూ, నా కారులో పచ్చడి పెడుతున్నావా?" అనేవారావిడ. (నవ్వులు) ఆ ఘాటులో కూర్చుని ఆ కారు పని చేస్తున్నది పోయినేడాది నుంచి నా దగ్గర పని నేర్చుకున్న మా నజ్మీన్. నా చేతులు వణకడం మొదలయ్యాక స్టీరియోలు బాగుచేసే నా బల్ల దగ్గర పనంతా తనదే. ఈ తీగలు కూడా అప్పుడే తనకిచ్చేశాను.

వాటిని బాలు గారు అడగకుండా పట్టుకుపోయారు. నిన్న వాడరేవు నుంచి ఒక కారొస్తే, తీగలేవండీ అన్న పిల్లతో "స్క్రూడ్రైవర్ పెట్టి పీకమ్మా, పార్టీ తొందర్లో ఉన్నారు" అన్నారు. తను పీకనంది. ఆయనే పీకారు. డ్యాష్‌బోర్డు పగిలింది. మాట పడింది ఎవరు? నజ్మీన్! "ఈ పని ఆడపిల్లలకు కుదరదు, ఇక నుంచి బిల్లింగ్‌లో కూర్చో" అని తీర్పు కూడా ఇచ్చేశారు. నాకేమో దండలు, నేను పని నేర్పిన మనిషికి ఈ అవమానమా? కోపం వచ్చిందండీ, దాచుకోను. బాలు గారూ, ఫోన్ చూసుకోకండి, ఇటు చూడండి.

(బాలు గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు)

అమ్మా నజ్మీన్, స్టేజీ మీదికి రామ్మా. ఇదిగో, అద్దం ఊడదీస్తున్నాను. పూత వల్ల తీగలు లావెక్కాయి, రంధ్రాల్లో దూరవు. ఆకురాయి పెట్టి ఆ బంగారం గీకి పారెయ్. అంకమ్మరావు గారూ, మీ ఉప్పు తిన్నవాణ్ణి, మీ మీద గౌరవముంది. ఈ పిల్ల రేపు పొద్దున ఎక్కడ పని చేస్తుందో ఇందరి ముందు మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా మైకు వదలను.

(అంకమ్మరావు గారు లేచి, "బల్ల దగ్గరేనయ్యా, బల్ల దగ్గరే! ఇంక కూర్చో" అన్నారు. చప్పట్లు)

విన్నారుగా అందరూ. పనులు మానుకుని వచ్చి, నా కేకలు ఓపిగ్గా భరించినందుకు మీకు కృతజ్ఞతలు. ఈ షాపు నుంచి ఇవాళ వెళ్లిపోయేది నేనొక్కణ్ణే. సెలవు.