తగలని గుండు

పెద్దింట్లు బాతుల మనిషి. కొల్లేటి లంకలో ముంగరోళ్ల కోడలు. మొగుడు పోయాక నూట అరవై బాతుల్తో బతికింది, అదీ ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాపకుండా. ఏమైందంటే, ఒక ఏడు చలికాలం, పరజలు దిగే రోజుల్లో, ఆ బాతులు ఒక్కోటీ వాలిపోడం మొదలెట్టినయ్యి. రెక్కలు చూరులాగా కిందికి జారిపోయినయ్యంట, మెడ నిలబడదంట, రెట్ట పచ్చగా పసరులాగుందంట. గొంతుకింద సంచీలో మేత మేతలాగే ఉంది, రొమ్ము ఎముక మాత్రం కత్తిలాగా పొడుచుకొచ్చింది. నిండా మేత పెట్టుకుని ఆకలితో చావడం ఎక్కడన్నా విన్నారా? పరజలూ అంతే. ఎక్కడెక్కడి దేశాల్నుంచో ఎగిరొచ్చే అడవిబాతులు, అంత దూరం రెక్క దించకుండా వచ్చినియ్యి, గుర్రపుడెక్క మధ్యన చచ్చి తేలతన్నయ్యి.

ఇంక కులపెద్దలు కూర్చున్నారు. జబ్బు ఈమె బాతుల్నించే పిట్టలకంటింది, రేపు మన కోళ్లకంటుద్ది, ఎల్లుండి పిల్లలకంటుద్ది, పొద్దుగూకేలోగా మిగిలినియ్యన్నీ గొయ్యి తీసి పూడ్చేయాలన్నారంట. అన్నదెవరు, సైదు గోవిందు. వల కట్టడంలో ఆయన్ని మించినోడు లేడు, మాట కూడా వలలాంటిదే, అందులో పడ్డోడు బైటికి రాడు. పెద్దింట్లు ఏడవలేదు. ఏడిస్తే బాతులు బతుకుతాయా ఏంటి? ఇంటికెళ్లి చచ్చిన బాతునొకదాన్ని కత్తిపీట మీద కోసింది. కందనకాయ దగ్గరకొచ్చేసరికి కత్తి కిరకిరమందంట. బాతుకి పళ్లెక్కడున్నాయమ్మా, ఇసకరాళ్లు మింగుద్ది, కందనకాయలో తిరగలి తిప్పుద్ది, గింజ నలుగుద్ది. కూరొండే ప్రతి ఆడదానికీ తెలిసిందే, కులపెద్దలకి తెలీదు. అయితే ఆ రాళ్ల మధ్యన నల్లటి గింజలున్నాయంట, ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, కొన్ని అరిగరిగి బిళ్లలైపోయినయ్యి. అక్కడితో ఆగిందా? దోనె తోసుకెళ్లి తేలతన్న పరజనొకదాన్ని తెచ్చింది. ఈక ఈకా తీసి చూసింది, ఎక్కడా గుండు దెబ్బ లేదు. కోసింది. అయ్యే గింజలు.

అప్పుడు మతికొచ్చిందంట ఆమెకి. గట్టవతల మోకాల్లోతు నీళ్ల మెరకలో ఏడెనిమిదేళ్లుగా పట్నపోళ్లు తుపాకులేసుకొచ్చి, ఒక్కో దెబ్బకి గుప్పెడు గుళ్లు చిమ్మి, పరజల్ని కొడతన్నారు. మేత బావుందని ఆ ఏడు తన బాతుల్ని తోలిందీ ఆ మెరకలోకే. తన కర్రతో తనే తోలింది.

ఈలోగా గొయ్యి తయారు. గోవిందు గట్టుమీద కూర్చున్నాడు. ఈమె రెండు కందనకాయలూ అరిటాకులో తెచ్చి ముందు పెట్టి, ఇయ్యి రాళ్లు కావు బాబాయ్ అంది. రాళ్లు కాకపోతే రత్నాలా, పోవే అన్నాడంట. నవ్వినోళ్లు నవ్వారు. ఆమె ఒక గింజ కడిగి ఆయన అరిచేతిలో పెట్టింది.

"కొరికి ఉమ్మెయ్ బాబాయ్. నలభై ఏళ్లుగా వలకి సీసపు గుళ్లు పంటితో నొక్కి బిగించినోడివి. రాయైతే నీ పన్ను పోద్ది, నా బాతుల్ని నేనే గోతిలో దింపుతాను. సీసమైతే నీ పంటికి తెలీకుండా ఉండదు."

అంతమందిలో కాదనలేక కొరికాడు. పన్ను మెత్తగా దిగబడింది. ఉమ్మి, వేలిమీద పెట్టుకుని పంటిగాటు చూసుకున్నాడంట, చాలాసేపు. తుపాకోళ్లు కొట్టిన పిట్టల్ని వాళ్లే పట్టుకుపోతారు గదే, మనకేం మిగిలిందని అడిగాడు.

"తగిలిన గుండు పట్టుకుపోయారు బాబాయ్. తగలనియ్యన్నీ మనకొదిలేశారు."

గోవిందు లేచాడు. గొయ్యి పూడ్చేయమన్నాడు, ఉత్త గొయ్యే. గట్టు దాటి ఎవడన్నా తుపాకీ తెస్తే వాడికి దోనె కట్టినోడు కులానికి వెలి అని అక్కడే కట్టడి చేశాడు. మాట మార్చుకోడం ఆయన జన్మలో అదొక్కసారే, ఆ ముచ్చటా చెప్పాలి మరి. బాతులు అరవై పోయినయ్యి, వంద మిగిలినయ్యి.

తుపాకులు ఆగినయ్యి గానీ బురదలో సీసం ఎక్కడికి పోద్ది? ఇసకరాయనుకుని ఏ పిట్ట మింగినా కందనకాయలో అరిగి విషమైపోద్ది, మేతని కిందికి దిగనియ్యదు. మనిషికైతే ఆ మెరక తొక్కొద్దని చెప్తాం, పరజలకెవరు చెప్తారు? అందుకని పెద్దింట్లు ఇప్పటికీ చలికాలం తెల్లారగట్ల దోనేసుకెళ్లి, రేకు డబ్బా వాయించి, దిగిన పరజనల్లా లేపి అవతలి నీళ్లకి తోలుద్ది. నిద్ర చెడిందని తిట్టే మొగోళ్లు ఇప్పటికీ ఉన్నారు. తిట్టనీయండి. పిట్టల్ని తరిమే మనిషినే పిట్టల్ని కాసే మనిషి అనాల్సొచ్చింది ఒక్క మా లంకలోనే.