నూనె వేడెక్కేదాకా

మిషిగన్‌లో మార్చి ఉదయం. నిరుడు ఇదే ఆపిల్ తోటలో కొమ్మలు కోస్తూ నిచ్చెన మీంచి పడి ఆమె భర్త సైలస్ పోయాడు. ఈ ఏడు నేల మీంచే కోద్దామని, చిన్న ట్రాక్టర్ పంపే ఆయిల్ ఒత్తిడితో తిరిగే హైడ్రాలిక్ రంపం కొన్నది. దాని పొడవాటి కర్ర పట్టుకుని ఆమె, ట్రాక్టర్ లివర్ దగ్గర చర్చి పెద్దాయన నిలబడ్డారు.

“తిరగట్లేదు అంకుల్. ట్రాక్టర్ పవర్ చాలట్లేదా?”

“చాలుతుందమ్మా. చలికి ఆయిల్ చిక్కబడింది. కాసేపు ఇంజన్ ఆడనిస్తే అదే పల్చబడుతుంది. అయినా ఇదీ ఒక చలేనా? మా రేపల్లెలో ఓ ఏడు గేదెను పితికితే పాలు పుల్లల్లా రాలాయి. మోపు కట్టి భుజాన మోసుకెళ్ళాం.”

“రేపల్లెలోనా! మీ కబుర్లు సైలస్ ఒక్కడే నమ్మేవాడు.”

“నమ్మేవాడు కాదు, నవ్వేవాడు.” ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. “ఆ రోజు కూడా నవ్వాడమ్మా. కింద నిచ్చెన పట్టుకుని నేనే ఏదో చెప్పాను. నవ్వుతూ నవ్వుతూ మెట్టు తప్పాడు.”

ఆమె వేళ్ళు కర్ర చుట్టూ బిగిశాయి.

“ఏడాదిగా ఈ మాట చెప్పలేదేం?”

“చెబితే మళ్ళీ నీ గడప తొక్కనివ్వవని భయం.”

“ఇదైనా నిజమేనా అంకుల్?”

“ప్రభువు సాక్షి.”

“పడేముందు ఎంత భయపడ్డాడో అనుకుంటూ ఇన్నాళ్ళూ సరిగ్గా నిద్రపోలేదు నేను. నిజంగా నవ్వాడా?”

“కళ్ళలో నీళ్ళొచ్చేలా.”

రంపం ఒక్కసారిగా గుయ్యిమని తిరగసాగింది.

“ఏం చెప్పారు? నాకూ చెప్పండి.”

“ముందు రంపం కింద పెట్టమ్మా. అది చేతిలో ఉండగా చెప్పను.”